అరుపు కాదు, సాధన

"ఏందన్నా, ఈ ఈడులో నీకీ అరుపులేంది? పాటంటే బాలుది గదా!"

నెల్లూరు జిల్లా మర్రిపాడు సెంటర్లో టీ తాగుతూ ఫోన్లో డెత్ మెటల్ వింటుంటే ఒక తమ్ముడు నన్నడిగిన మాట ఇది. అతనొక్కడే అయితే సరేలే అనుకునేవాణ్ణి. సంగీతం తెలిసినవాళ్లూ ఇదే అంటున్నారు. పాడటం చేతగానివాళ్లు గొంతు చించుకుంటారట, వాయించడం రానివాళ్లు మోత పెంచుతారట. ఈ మాట తప్పు.

ముందు గొంతు సంగతి చూద్దాం. ఊరికే అరిస్తే నాలుగు పాటలకు గొంతు పోతుంది. గ్రౌల్ అనే ఈ గర్జన పాడేవాళ్లు స్వరతంత్రులకు పైనుండే మడతలను కంపింపజేస్తారు, ఊపిరిని కొలిచి వదులుతారు. రష్యాలోని తువా ప్రాంత గాయకుల మంద్రకంఠంలోనూ ఆ మడతలదే పని. ఏళ్ల తరబడి కూర్చుంటే తప్ప పట్టుబడే విద్య కాదు. గర్జన మనకు కొత్తదీ కాదు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కే జనం మనం. ప్రహ్లాద నాటకంలో స్తంభం పగిలాక నరసింహ వేషగాడు తియ్యగా రాగం తీస్తే ఊరుకుంటామా? అక్కడ గర్జన పడాల్సిందే. బాలు పేరెత్తారు కాబట్టి చెబుతున్నాను. నెల్లూరులో పుట్టిన ఆ మహానుభావుడే తెలుగు 'దశావతారం'లో కమల్ హాసన్ వేషాల్లో చాలావాటికి, ఒక్కోదానికి ఒక్కో గొంతు మార్చి డబ్బింగ్ చెప్పారు. గొంతంటే మాధుర్యం ఒక్కటే కాదని ఆయనకు తెలుసు. మరిచిపోయింది మనమే.

ఇక లయ. లయతో ప్రయోగాలు చేసే ప్రోగ్రెసివ్ డెత్ మెటల్‌లో ఐదు, ఏడు లెక్కలు తరచూ వస్తాయి. 'తకిట తకధిమి' అని తొడ మీద వేసుకుంటూ వినండి. మన మిశ్రచాపు తాళం తెలిసిన చెయ్యి ఆ ఏడును ఇట్టే పట్టేస్తుంది. పరాయి సంగీతం అంటూ తోసేసేవాళ్లు ఈ లెక్క వేసి చూడలేదు.

ఈ దారి వేసిన బృందాల్లో సినిక్ ఒకటి. ఫ్లోరిడా కుర్రాళ్లు. గిటార్ వాయించే పాల్ మస్విడాల్, డ్రమ్ముల షాన్ రైనర్ట్ 1991లో డెత్ బృందం 'హ్యూమన్' ఆల్బమ్‌లో వాయించి అప్పటికే చెయ్యి చూపించినవాళ్లు. తమ సొంత తొలి ఆల్బమ్‌కు సిద్ధమవుతుండగా 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను విరుచుకుపడి వాళ్లు సాధన చేసుకునే చోటును ధ్వంసం చేసింది. తుఫాను ఏం చేస్తుందో నెల్లూరోళ్లకు ఒకరు చెప్పాలా! రికార్డింగ్ వెనక్కి జరిగింది. 1993లో 'ఫోకస్' వచ్చింది. గర్జన పక్కనే యంత్రంలోంచి పంపిన మెత్తని గొంతు, మెటల్ గిటార్ల నడుమ జాజ్ నడకలు. డెత్ మెటల్ జనమే దాన్ని సరిగా ఆదరించలేదు. 1994లో బృందం విడిపోయింది, రెండో ఆల్బమ్ 2008లో గాని రాలేదు. ఇవాళ ఈ తరహాకు పునాదిరాళ్లలో ఒకటిగా చెప్పుకునేది ఆ తొలి రికార్డునే. 'మొదటి ప్రయత్నమేగా, చూద్దాంలే' అని పక్కన పెట్టేవాళ్లకు ఇంతకంటే ఏం చూపాలి?

మన హైదరాబాద్‌లో గాడ్‌లెస్ అనే బృందం ఉంది. పేరు వినగానే కొందరికి కోపం వస్తుంది. గోరా నాస్తిక కేంద్రం నడిపిన తెలుగునేల మీద ఆ పేరు అంత కొత్తా? వాళ్లది సూటి డెత్ మెటల్, థ్రాష్ మెటల్ వేగం ఎక్కువ. ప్రోగ్రెసివ్ అని నేను అనను. పాటలు ఇంగ్లీషులో ఉండటం నాకూ లోటే. అయినా 2016లో 'సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అని రెండు చిన్న రికార్డులు చేశాకే, 2021లో పూర్తి నిడివి 'స్టేట్స్ ఆఫ్ ఖయాస్' తెచ్చారు. సరదాకు అరిచేవాళ్లు అంతకాలం నిలబడరు.

తమ్ముడూ, 'ఫోకస్' మొత్తం ఎనిమిది పాటలు, 36 నిమిషాలు. మధ్యలో ఆపకుండా ఒక్కసారి విను. ఆ తర్వాత నచ్చలేదంటే ఒప్పుకుంటాను. సాధన లేదని మాత్రం అనొద్దు.