రేసు ఆట తర్వాతి భాగంలో మాకేం కావాలంటే

వార్షికోత్సవ సంచికలో ఆటల పేజీ అంటే కబడ్డీ, వాలీబాల్, ఏ హాస్టలు మీద ఎన్ని పాయింట్లతో గెలిచాం అనే లెక్క. ఆ లెక్క రాసేవాళ్లు వేరే ఉన్నారు. మేము ఈసారి కంప్యూటర్లో ఆడే కారు రేసు గురించి రాస్తున్నాం. అదీ మన దేశంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని అమెరికా స్టాక్ కార్ రేసు గురించి. నవ్వేవాళ్లు ముందే నవ్వేయండి, తర్వాత చదవండి.

హైదరాబాదులో కంప్యూటర్లు బాగుచేసే పని చేసుకుంటున్న మా సీనియర్ అన్న ఒకరు పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇచ్చారు. దానితోపాటు ఒక సీడీ వచ్చింది. నాస్కార్ రేసింగ్ 2003 సీజన్. మాలో చాలామంది పుట్టకముందు వచ్చిన ఆట. కొత్త ఆటలేవీ ఆ కంప్యూటర్ మీద నడవవు, ఇది మాత్రం నడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వార్డెన్ సార్ ఇచ్చే రెండు గంటలూ దానికే పోతాయి.

స్టాక్ కార్ అంటే మొదట్లో షాపులో అమ్మే మామూలు కారే. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దొంగసారా చేరవేసేవాళ్లు పోలీసులకు దొరక్కుండా తమ కార్ల ఇంజన్లను మార్చుకుని రాత్రిపూట పరిగెత్తించేవారు. పగలు తీరిక దొరికితే ఎవరి బండి గట్టిదో పోటీ పెట్టుకునేవారు. గుడుంబా బండ్ల కథలు విన్న మనకు ఇది వింత కాదు. 1948లో ఆ పోటీలకు నాస్కార్ అనే సంస్థ ఏర్పడింది. ఇప్పటి కార్లు పైకి మామూలు కారు పోలికతో కనిపిస్తాయి గానీ లోపల అంతా రేసు కోసం చేసిందే.

"గుండ్రంగా ఎడమకు తిరగడమేనా, అందులో ఏముంది?" అని అడిగేవాళ్లున్నారు. జాతరలో గుడి చుట్టూ బండ్లు తిరుగుతుంటే మనం గంటలకొద్దీ నిలబడి చూడమా? చుట్టూ తిరగడంలోనే పని ఉంది. డేటోనాలో ట్రాక్ ఒక చుట్టు నాలుగు కిలోమీటర్లు, మలుపుల్లో నేల 31 డిగ్రీలు వాలి ఉంటుంది. అక్కడ ఒంటరిగా పోయే కారు కన్నా ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పోయే రెండు కార్లు వేగంగా పోతాయి. ముందు కారు గాలిని చీలుస్తుంది, వెనక కారు దాని నీడలో పోతుంది. ఎదురుగాలిలో సైకిల్ మీద నర్సాపూర్ దాకా పోయినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. అంటే గెలవాలన్నా పక్కవాడితో పొత్తు కావాలి, చివరి చుట్టులో ఆ పొత్తు తెగిపోతుంది కూడా!

ఇక అసలు విషయం. ఆ 2003 ఆటను తయారుచేసిన పాపిరస్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన డేవిడ్ కేమర్, 2004లో మరొకరితో కలిసి ఐరేసింగ్ అనే సంస్థ పెట్టారు. మధ్యలో నాస్కార్ ఆటలు చాలా చేతులు మారాయి. 2021లో వేరే కంపెనీ తెచ్చిన నాస్కార్ 21 ఇగ్నిషన్ లోపాలతో విడుదలై అభిమానుల చేత తిట్లు తిన్నది. ఇప్పుడు ఆ హక్కులు ఐరేసింగ్ చేతికి వచ్చి 2025 అక్టోబరులో నాస్కార్ 25 విడుదలైంది. మేము దాన్ని ఫోన్లో వీడియోలుగానే చూశాం. ఆర్కా అనే కింది మెట్టు నుంచి కప్ దాకా ఎక్కే పద్ధతి అందులో ఉంది. బాగుంది. కానీ దాని తర్వాత వచ్చే ఆటలో కొన్ని మార్పులు కావాలి. ఆడనివాళ్లు అడగడమేమిటి అంటే, ఆడలేకపోవడం గురించే మొదటి కోరిక.

ప్లేస్టేషన్ 5 ధర యాభై వేల దగ్గర ఉంటుంది. 2024లో పెంచిన తర్వాత 8 నుంచి 10వ తరగతి వాళ్లకు మెస్ ఛార్జీ నెలకు 1540 రూపాయలు. అంటే ఆ పెట్టె కొనాలంటే ఒక విద్యార్థి రెండున్నరేళ్లకు పైగా అన్నం మానేయాలి. ధర తగ్గించమని అమెరికా వాళ్లను అడగలేం. ఒక పెట్టె ఉంటే దాని మీద నలుగురు ఆడేలా చేయమని మాత్రం అడగొచ్చు. తెరను రెండుగా, నాలుగుగా చీల్చి పక్కపక్కన కూర్చుని ఆడే పద్ధతి పాత ఆటల్లో ఉండేది. ఇప్పుడు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని నెట్ మీద ఆడుకోవాలంటున్నారు. నెట్ లేనివాడు, పది మందితో ఒకే గదిలో ఉండేవాడు ఏం చేయాలి? నెట్ లేకున్నా మొత్తం ఆట నడవాలి. పాత కంప్యూటర్లకు బొమ్మలు తగ్గించిన రూపం ఒకటి ఉండాలి. చెట్ల ఆకులు ఊగకున్నా మాకు ఫరవాలేదు.

మా దగ్గర ఒకటే కీబోర్డు కాబట్టి మేము పనులు పంచుకున్నాం. ఒకరు నడుపుతారు, ఒకరు అద్దం చూస్తారు, ఒకరు పెట్రోలు ఎన్ని చుట్లకు సరిపోతుందో పలక మీద లెక్క వేస్తారు. తర్వాత తెలిసింది, నిజం రేసులో కూడా ఇంతేనట. స్పాటర్ అనే మనిషి స్టేడియం పైన నిలబడి రేడియోలో డ్రైవరుకు దారి చెబుతాడు. కొత్త ఆటలో ఈ పనులను మనుషులే చేసేలా పెట్టండి. ఒక కారు, నలుగురు ఆటగాళ్లు. చక్రాలు మార్చేవాడు కూడా ఆటగాడే.

రెండో కోరిక పెద్దది. దాని కోసమే ఈ వ్యాసం రాశామనుకోండి.

వర్జీనియాలోని డాన్విల్లేలో వెండెల్ స్కాట్ అనే నల్లజాతి మెకానిక్ ఉండేవారు. టాక్సీ నడిపారు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు, దొంగసారా కూడా మోశారు. తెల్లవాళ్లే తిరిగే ట్రాకుల మీదికి పాత కార్లు కొని, తన చేత్తో బాగుచేసుకుని వెళ్లేవారు. చక్రాలు మార్చడానికి కొడుకులే సిబ్బంది. 1961 నుంచి 1973 వరకు నాస్కార్ పెద్ద తరగతిలో 495 రేసులు నడిపారు. 1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో మట్టి ట్రాక్ మీద అందరికన్నా రెండు చుట్లు ముందున్నారు. అయినా గెలుపు జెండా ఆయనకు ఊపలేదు. బక్ బేకర్ గెలిచారని ప్రకటించి కప్పు ఆయన చేతిలో పెట్టారు. కొన్ని గంటల తర్వాత, జనం వెళ్లిపోయాక, లెక్క తప్పింది, గెలిచింది స్కాటేనని ఒప్పుకున్నారు. బహుమతి డబ్బు ఇచ్చారు, అసలు కప్పు మాత్రం చేతికి రాలేదు. ఆయన 1990లో చనిపోయారు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. కప్పుకు బదులు ఇంకో కప్పు చేయించి కుటుంబానికి ఇచ్చింది 2021లో!

ఈ కథ మా గదిలో చదివినరోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. లెక్క తప్పింది అనే మాట మన పెద్దవాళ్లు ఎన్ని ఆఫీసుల్లో విన్నారో మాకు తెలుసు.

అందుకే కొత్త ఆటలో కొత్త కారుతో మొదలుపెట్టొద్దు అంటున్నాం. ఎవరో వాడి వదిలేసిన కారు, అరిగిన టైర్లు, అప్పు. ఈ వారం ఇంజను బాగుచేసుకుంటే వచ్చే వారం టైర్లకు డబ్బుండదు. పదిహేనో స్థానంలో వచ్చినా ఇంటికి డీజిల్ ఖర్చు మిగిలితే సంతోషం. గెలుపు కాదు, పూర్తి చేయడమే గెలుపుగా ఉండే ఏడాది ఒకటి ఆటలో ఉండాలి. జాక్సన్‌విల్ రేసు ప్రత్యేకంగా ఉండాలి, 34వ నంబరు కారు మేము నడపాలి. జెండా ఊపకుండా ఉంచినదాన్ని కూడా దాచకుండా చూపాలి. అట్లా చూపితే ఆట పాడైపోతుందని మాలో ఒకరు అన్నారు. మిగతా అందరం కాదన్నాం.

చిన్న కోరికలూ ఉన్నాయి. గోడకు గుద్దితే కారు నిజంగా చెడిపోవాలి. కంప్యూటర్ నడిపే కార్లు తాడు కట్టినట్టు ఒకే వరసలో పోకూడదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ రేసు జరిగిన దారి పెట్టాలని మాలో కొందరి పట్టు. 2024లో ఆ రేసు రద్దయింది, కనీసం ఆటలోనైనా మిగలాలని వాళ్ల బాధ. షికాగో వీధుల్లో నాస్కార్ పరిగెత్తింది కాబట్టి హైదరాబాదులో ఎందుకు పరిగెత్తదు అంటారు. పెడితే పెట్టండి. మాకైతే ఒక మట్టి ట్రాక్ చాలు.

చివరిది, స్పాటర్ తెలుగులో మాట్లాడాలి. "లోపల ఉన్నడు", "పక్కనే ఉన్నడు", "దాటినవ్, పైకి రా", "పచ్చజెండా, పో పో" ఇట్లా ఇరవై రెండు మాటలు నోట్‌బుక్కులో రాసి పెట్టాం. పూర్వ విద్యార్థుల్లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అన్నలు, అక్కలు ఎవరైనా కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టగలిగితే, ఆ నోట్‌బుక్కు వార్షికోత్సవం రోజు మెస్ పక్క గదిలో కంప్యూటర్ దగ్గరే ఉంటుంది.