బోదకాలు ముసలోళ్ల జబ్బేం కాదు!

మా విజయనగరంలో ఫైలేరియా మాత్రలు పంచడానికి ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా వీధిలో కుర్రాళ్లు చెప్పే డైలాగ్ ఒకటే: "నాకు బోదకాలేంటక్కా? అది ముసలోళ్లకి కదా!" మాత్రలేమో డ్రాయర్లోకి పోతాయి. విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఏళ్ల తరబడి ఫైలేరియా పీడించిన జిల్లాలే. అందుకే ఈ వారం ఆ మాత్ర సంగతి చూద్దాం.

మన ఒంట్లో రక్తనాళాలతో పాటు ఇంకో పైపులైను కూడా ఉంది. రక్తంలోంచి కణాల మధ్యకి ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి వెళ్లిపోదు. ఆ మిగిలిందే లింఫ్, తెలుగులో శోషరసం. సన్నటి నాళాలు దాన్ని పోగుచేసి, మెడ కింద పెద్ద సిరల్లో కలుపుతాయి. దారిలో గజ్జల్లో, చంకల్లో, మెడలో ఉండే గ్రంథులు క్రిముల్ని వడకడతాయి. గుండెలాంటి పంపు దీనికి లేదు. నాళాలు నొక్కుకోవాలి, నడిచేటప్పుడు కండరాలు పిండాలి. నీరు వెనక్కి జారకుండా కవాటాలు ఆపుతాయి.

ఫైలేరియా పురుగు కాపురం పెట్టేది సరిగ్గా ఈ నాళాల్లోనే. దాన్ని మోసుకొచ్చేది మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ. దారాల్లాంటి పెద్ద పురుగులు ఏళ్లకేళ్లు బతికి, లక్షల్లో పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు రక్తంలో ఎక్కువగా తిరిగేది రాత్రిపూట, దోమ కుట్టే వేళకే! రక్తపరీక్ష రాత్రి చేసేది అందుకే.

ఈలోగా నాళాలు సాగిపోతాయి, కవాటాలు పాడవుతాయి, నీరు కాల్లోనే నిలిచిపోతుంది. చాలామందికి పురుగు చిన్నప్పుడే అంటుకుంటుంది. వాపు కనబడేది ఎన్నో ఏళ్ల తర్వాత. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాకుండా సర్వర్ లోపల పాడైపోతోందన్నమాట.

ఏడాదికోసారి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రక్తంలోని పిల్లపురుగుల పని పడతాయి. మీ నుంచి దోమకి, దోమ నుంచి పక్కింటి పాపకి ఉన్న దారి తెగుతుంది. పరగడుపున వద్దు, ఏదైనా తిని వేసుకోండి. తర్వాత కొందరికి కాస్త జ్వరం, తలతిరుగుడు వస్తాయి. చాలావరకు అది పురుగులు చస్తున్న గుర్తే. తగ్గకపోతే ఆరోగ్య సిబ్బందికి చెప్పండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు మాత్రం వేసుకోకూడదు.

మరి ఇప్పటికే కాలు వాచినవాళ్లు? పాడైన నాళాన్ని మాత్ర బాగుచేయలేదు. కానీ రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకుని, కాలు ఎత్తులో పెట్టుకుని, మడమ ఆడిస్తూ ఉంటే మాటిమాటికీ వచ్చే జ్వరం, నొప్పి తగ్గుతాయి. మీ ఇంట్లో మామ్మకో తాతకో అలాంటి కాలుంటే, అది ఏ పాపఫలమూ కాదు. సాయంత్రం ఓ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి, నీళ్లూ సబ్బూ పొడి తువ్వాలూ మీరే పట్టుకెళ్లండి.