బండి పాతదైతే ఏమైతది, ఆర్‌సీ మాత్రం మన పేరు మీద ఉండాలె



మన గ్రూపుల ఉద్యోగ నోటిఫికేషన్ల ముచ్చట ఎంత నడుస్తున్నదో, ఈ మధ్య బండ్ల ముచ్చట కూడా అంతే నడుస్తున్నది. "అన్నా, ఐదు లక్షలల్ల ఏ బండి వస్తది? బ్రెజా తీసుకోవాలెనా, నెక్సాన్ తీసుకోవాలెనా?" అని అడిగేటోళ్లు ఎక్కువైన్రు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుకుంట పోయే బదులు అందరి కోసం ఈ పోస్ట్ రాస్తున్నం. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి.

మేము అంటే ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి దిక్కు తండాల నుంచి వచ్చి కామారెడ్డిల చదువుకున్న, ఇంకా చదువుకుంటున్న కొందరం. మా ఇండ్లల్ల ఇప్పుడు నాలుగు సెకండ్‌హ్యాండ్ చిన్న ఎస్‌యూవీలు ఉన్నయి. వాటితోని పంటలు చూసినం, పెండ్లిళ్లు చూసినం, అర్ధరాత్రి దవాఖానకు కూడా ఉరికినం. ఆ అనుభవంతోని ముందే ఒక మాట చెప్తం. ఏ బండి కొనాలె అన్నది రెండో ప్రశ్న. ఎవరి పేరు మీద, ఎవరి పైసలతోని, ఏ పని కోసం కొంటున్నం అన్నది మొదటి ప్రశ్న.

"తండా పిల్లగాండ్లకు కార్లు ఎందుకు? షోకు కాకపోతే" అనేటోళ్లు కొందరు ఉంటరు. వాళ్లకు ఒక్కటే జవాబు. ఈ దేశంల రైలు రాకముందు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకొని వందల మైళ్లు మోసింది మన ముత్తాతలు. లదేణి అంటే అదే. రైళ్లు, రోడ్లు వచ్చినంక ఆ బతుకుదెరువు పోయింది. పైనుంచి 1871ల బ్రిటిషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి తిరిగే జాతుల మీద నిఘా పెట్టిన్రు. దేశానికి రవాణా నేర్పిన జాతి ఇయ్యాల బస్సు రాని తండాల ఆటో కోసం ఎదురుచూస్తున్నది. కాబట్టి మన ఇంటి ముందు నాలుగు చక్రాలు ఉండుడు షోకు కాదు, అవసరం.

అవసరం ఎట్లాంటిదో తెలియనిది కాదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు. అక్కడ కాదంటే నిజామాబాద్, అక్కడా కాదంటే హైదరాబాద్. 108కు ఫోన్ చేస్తే వస్తది, కానీ వాగు పొంగిన రాత్రి, తండా దారి బురదయిన రాత్రి ఎంతసేపటికి వస్తదో ఎవరూ చెప్పలేరు. నొప్పులు పడుతున్న ఆడమనిషికి ఆ గంటనే ప్రాణం. తండాల ఎవరింట్ల బండి ఉన్నా అది ఆ రాత్రికి అందరి అంబులెన్స్. గురుకులంల చదివే చెల్లెను సెలవులకు తెచ్చుకోవాలన్నా, ఇంటిల్లిపాది మహారాష్ట్రల ఉన్న పోహ్రాదేవికి పోయి సేవాలాల్ మహరాజ్ దర్శనం చేసుకోవాలన్నా బండి కావాలె.

ఇగ లెక్కకు వద్దాం. ఐదు లక్షల బండి అనుకోండి. రెండు లక్షలు చేతిల ఉన్నయి, మూడు లక్షలు ఊర్ల నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన్రు. నెలకు మిత్తే 6,000. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చినా 55 లీటర్ల డీజిల్, అంటే ఐదు వేల పైన. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు ఏడాది ఖర్చును నెలలకు పంచితే తక్కువల తక్కువ మూడు వేలు. మొత్తం నెలకు 14,000 దాటింది, అసలు ఒక్క రూపాయి కూడా తీరలేదు. రెండు ఎకరాల వరి మీద బతికే ఇంటికి ఇది ఎంత బరువో మనకు ఎరుకే. షోరూముల, యార్డుల చెప్పే ధర బండి ధర మాత్రమే, బండి ఖర్చు కాదు.

అందుకే మా అభిప్రాయం: యాడి మెడల పుస్తెలతాడు కుదువపెట్టి, పట్టా పాసుబుక్కు సావుకారి చేతిల పెట్టి బండి తేవద్దు. చేతిల ఉన్న పైసలల్ల వచ్చే బండి కొనండి. తక్కువ పడితే బ్యాంకు లోను అడగండి. సెకండ్‌హ్యాండ్ కారుకు కొత్త కారు కంటే మిత్తి ఎక్కువే ఉంటది, అయినా నూటికి రెండు మూడు రూపాయల ఊరి మిత్తి కంటే నయం. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని మర్చిపోవద్దు.

ఏ బండి అన్నదానికి కూడా నాలుగు మాటలు. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకుంటే పన్ను తక్కువ. అందుకే కంపెనీలన్నీ ఈ సైజుల బండ్లు దించినయి. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2013ల, మహీంద్రా టీయూవీ300 2015ల, మారుతి విటారా బ్రెజా 2016ల, టాటా నెక్సాన్ 2017ల, హ్యుందాయ్ వెన్యూ, మహీంద్రా ఎక్స్‌యూవీ300 2019ల వచ్చినయి. మన బడ్జెట్ల దొరికేవి ఎక్కువగ ఇవే.

బ్రెజా 2020 దాకా డీజిల్‌తోనే అమ్మిన్రు. ఆ 1.3 ఇంజను తెలిసిన మెకానిక్కు లేని ఊరు ఉండదు, మండల కేంద్రంల కూడా దొరుకుతడు. టీయూవీ300ది ఛాసిస్ మీద కట్టిన బాడీ, వెనుక చక్రాలు లాగే బండి. వెనుక పక్క సీట్లతోని పెద్ద కుటుంబం పడుతది, కానీ 2020ల బీఎస్6 వచ్చినప్పుడు ఆగిపోయింది. నెక్సాన్ 2018ల గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల ఐదు స్టార్లు తెచ్చుకుంది, ఎక్స్‌యూవీ300 కూడా 2020ల ఐదు తెచ్చుకుంది. ఎకోస్పోర్ట్ తక్కువకు దొరుకుతది, ఎందుకంటే ఫోర్డ్ ఇండియాల బండ్ల తయారీ ఆపుతున్నమని 2021 సెప్టెంబరుల చెప్పింది. కొనేముందు దాని విడిభాగాలు మీకు దగ్గర్ల ఎక్కడ దొరుకుతయో అడిగి తెలుసుకోండి.

డీజిలా, పెట్రోలా అంటే ఒక సంగతి చాలామందికి తెల్వది. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లల్ల పొగ మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటది. బండి కొంతసేపు ఆగకుండా వేగంగ పోతేనే అది వేడెక్కి ఆ మసిని కాల్చుకుంటది. రోజూ తండా నుంచి మండలానికి ఐదారు కిలోమీటర్లే తిప్పితే అది మూసుకుపోతది, మీటరుల లైటు వెలుగుతది, బాగుచేయిస్తే ఖర్చు గట్టిగనే పడుతది. రోజూ చిన్న దూరాలే తిరిగేటోళ్లకు పెట్రోలే మేలు. కామారెడ్డికి, 44వ నంబరు హైవే మీదికి తరచుగ పోయేటోళ్లకు డీజిలు సరే.

కొనేటప్పుడు మేము చూసేవి ఇవి:

ఒకటి, నీళ్లల్ల మునిగిన బండి. 2025 ఆగస్టు 27, 28 తేదీలల్ల మన జిల్లా మీద పడ్డ వాన ఎవరూ మర్చిపోలేదు. రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది, కామారెడ్డి టౌనుల కాలనీలు మునిగినయి, కార్లు కొట్టుకుపోయినయి. మునిగిన బండ్లు కడిగి, పాలిష్ పెట్టి మళ్ల అమ్మకానికి వస్తయి. సీటు బెల్టును చివరిదాకా గుంజి చూడండి, మట్టి మరక ఉంటే తెలిసిపోతది. కింది మ్యాటు లేపండి, స్టెప్నీ పెట్టే గుంత చూడండి, సీటు కింది ఇనుప పట్టాలకు తుప్పు ఉన్నదేమో చూడండి, అద్దాలన్నీ మూసి ఐదు నిమిషాలు లోపల కూసోండి. ముక్క వాసన వస్తే లేచి వచ్చేయండి.

రెండు, మీటరు. 45,000 కిలోమీటర్లే తిరిగిందని చూపెట్టిన బండికి పెడల్ రబ్బర్లు అరిగిపోయి, స్టీరింగు నున్నగై ఉంటే నమ్మొద్దు. టైరు మీద నాలుగు అంకెలు ఉంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైందని. మాలో ఒకరింటికి ఒక యార్డోడు కొత్త టైర్లని చెప్పి అంటగట్టజూసినవి ఆరేండ్ల కిందటివి, ఆ అంకెలు చూడంగనే బేరం అక్కడనే ఆగింది. సర్వీసు రికార్డు అడగండి. కొన్ని డీజిల్ ఇంజన్లకు టైమింగ్ బెల్టు ఉంటది, ఎకోస్పోర్ట్ డీజిల్ అట్లాంటిదే. అది ఎప్పుడు మార్చిన్రో బిల్లు ఉండాలె. బెల్టు తెగితే ఇంజనే పోతది.

మూడు, వేరే రాష్ట్రం నంబరు. ఢిల్లీల పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు రావడంతోని అక్కడి బండ్లు చౌకగ దక్షిణాదికి వచ్చినయి. మహారాష్ట్ర బార్డరు మనకు దగ్గర్నే కాబట్టి ఎంహెచ్ బండ్లు కూడా కనిపిస్తయి. ఎన్‌వోసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టి, మన నంబరు వేసుకునే ఖర్చంతా కలిపి చూడండి. చౌక అనుకున్నది చౌక కాకపోవచ్చు.

ఇగ అసలు ముచ్చట, కాయిదాలు. మన దిక్కు బండి చేతులు మారుతది, పేరు మారదు. "ఫారం 29, 30 మీద సంతకం తీసుకున్నం అన్నా, తర్వాత చేపించుకుంటం" అంటరు. ఆ తర్వాత అన్నది రెండేండ్లయినా రాదు. చట్టం ఏం చెప్తదంటే, అమ్మినోడు 14 రోజులల్ల, కొన్నోడు 30 రోజులల్ల ఆర్‌టీఏకు తెలుపాలె. కొన్నోడు ఇన్సూరెన్సును కూడా 14 రోజులల్ల తన పేరు మీదికి మార్చుకోవాలె. అట్ల మార్చుకోకుంటే బండి దెబ్బతిన్ననాడు క్లెయిము రాదు. అమ్మినాయన నో క్లెయిం బోనస్ మనకు రాదు, అది ఆయనతోనే పోతది.

ఇంకో సంగతి ఇంకా పెద్దది. ఓనరే బండి నడుపుతూ ప్రమాదంల చనిపోతే ఆ కుటుంబానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటది. అది రావాలంటే ఆర్‌సీ, పాలసీ ఆయన పేరు మీద ఉండాలె, లైసెన్సు ఉండాలె. ఆర్‌సీ ఇంకా ఎవరో పాత ఓనరు పేరు మీద ఉంటే ఇంటి పెద్ద పోయిన రోజు భార్యాపిల్లలకు ఏం మిగులుతది? బండి ఖర్చుల ఇదంత చిన్న పని, దానికే బద్ధకం చేస్తం.

అమ్మేటోళ్లకు కూడా ఇదే ప్రమాదం. 2018ల నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బండి ఎన్ని చేతులు మారినా, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే ఆయనే చట్టం దృష్టిల ఓనరు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆయన మీదనే పడుతది. మీ నాయిన అమ్మేసిన బండి ఎక్కడనో ఎవరికో గుద్దితే నోటీసు మీ తండాకు వస్తది. అమ్మిన తర్వాత పేరు మారిందో లేదో ఎం పరివాహన్‌ల మీరే చూసుకోండి. కొనేటప్పుడు కూడా దాంట్లనే ఫైనాన్సు ఉన్నదో లేదో చూడండి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతిల పడేదాకా పూర్తి పైసలు ఇయ్యొద్దు. చలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నయో కూడా చూడండి.

చివరగ, చాలామందికి నచ్చని మాట. తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పుడు. "ఖాళీగ ఉన్నప్పుడు నాలుగు కిరాయిలు కొడితే ఈఎంఐ వెళ్తది" అనుకుంటరు. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ కిరాయికి చెల్లదు. కిరాయిల ప్రమాదమైతే బండి నష్టం రాదు. ఎదుటోళ్లకు కంపెనీ కట్టినా మళ్ల మన దగ్గర వసూలు చేయొచ్చు. అప్పుడు పోయేది బండి ఒక్కటే కాదు, భూమి కూడా. డ్రైవింగే బతుకుదెరువు చేసుకోవాలనుకున్న తమ్ముళ్లు పసుపు ప్లేటు, పర్మిట్ తీసుకొని దర్జాగ తిప్పండి. దానికి ట్రైకార్ రాయితీ పథకాలు ఏమున్నయో ఐటీడీఏ ఆఫీసుల, జిల్లా గిరిజన సంక్షేమ ఆఫీసుల అడగండి. అడిగే హక్కు మనది. ఐదుగురి బండిల తొమ్మిది మందిని కుక్కుడు కూడా బంద్ చేద్దాం. ఐదు స్టార్ల బండి అయినా ఐదుగురు బెల్టు పెట్టుకున్నప్పుడే ఐదు స్టార్లు.

ఒక ప్రతిపాదన. ప్రతి తండాల బండి నడపొచ్చే ఇద్దరు యువకుల, ఒక యువతి నంబర్లు పంచాయతీ గోడ మీద రాపిద్దాం. 2018ల మన తండాలు పంచాయతీలు అయినయి, గోడ మనదే. రాత్రి పూట ఎవరికి కష్టమొచ్చినా ఎవరిని లేపాలెనో తెలుస్తది. డీజిల్ ఖర్చు తండా చందాతోని పెట్టుకుందాం, అది కిరాయి కాదు. చెల్లెండ్లకు కూడా డ్రైవింగు నేర్పిద్దాం. మగోళ్లు పూణే, ముంబై, గల్ఫ్ పోయిన ఇంట్ల కారు గుడ్డ కప్పుకొని నిలబడి ఉంటే, నొప్పులొచ్చిన కోడలు ఆటో కోసం చూడాల్సిన గతి ఎందుకు?

మీ అనుభవాలు కింద రాయండి. బండి పేరు కంటే ముందు ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉన్నదో రాయండి. లేకుంటే ఈ వారమే పోయి చేపించుకోండి.

జై సేవాలాల్.