చెప్పు వాసన, పంది కూర, రెండు పూటల మాత్ర



మూర్ఛకు కులం లేదు. మూర్ఛ వచ్చిన మనిషికి ఉంది. ఈ వారం గొడవంతా దాని గురించే.

నాలుగు నెలల కింద నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చినాయి. పాఠానికి పోతూ వరండాలో పడిపోయినాను. తర్వాత తెలిసింది, ఒకరు చేతిలో తాళాలు పెట్టినారంట, ఇంకొకరు చెప్పు తీసి ముక్కు దగ్గర పట్టినారంట. మా తాత చెప్పులు కుట్టినాడు. తను కుట్టిన చెప్పు తన కాళ్లకు వేసుకొని పెద్దకులాల వీధిలో నడవలేకపోయినాడు, చేత పట్టుకొని దాటినాడు. ఆయన కాలికి నేరమైన చెప్పు, మనవడి ముక్కుకు మందయింది!

చెప్పుతో ఫిట్స్ ఆగవు. చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆ ఘనత చెప్పుకు పోతుంది. చేయాల్సింది ఇంతే: పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిది పెట్టండి. నోట్లో ఏదీ పెట్టొద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

స్కానింగ్‌లో మెదడులో చిన్న మచ్చ కనబడింది. బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చిందన్నారు డాక్టరు. ఆ మాట స్టాఫ్ రూముకు చేరిన రోజే ఒక పెద్దమనిషి అడిగినాడు: "మీరు పంది కూర తింటారు కదా సార్?"

శాస్త్రం ఏం చెప్తుందో చూద్దాం. సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు ఆ మనిషి మలంలో బయటికి వస్తాయి. కడగని చేతుల్లో, కలుషితమైన నీళ్లలో, పచ్చి కూరల్లో చేరి ఇంకొకరి నోట్లోకి పోతాయి. అక్కడి నుంచి మెదడుకు. అందుకే జన్మలో మాంసం ముట్టనోళ్లకూ ఈ జబ్బు వస్తుంది. కాబట్టి అడగాల్సింది నా పళ్లెంలో ఏముందని కాదు సార్. మరుగుదొడ్డి ఉందా, మురుగు కాలువ ఉందా, మంచినీళ్ల పైపు మాలవాడకు, మాదిగవాడకు ఎప్పుడొచ్చింది అని. ఆ ప్రశ్న అడిగితే పంచాయతీ జవాబు చెప్పాల్సి వస్తుంది. పంది కూర అయితే మేం చెప్తే చాలు.

ఇక మాత్రలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొదటి వారాల్లో పాఠం మధ్యలో నిద్ర ముంచుకొచ్చేది, నోటిదాకా వచ్చిన మాట జారిపోయేది. చిన్నదానికే కోపం వచ్చేది. ఈ మందుతో చిరాకు రావచ్చని డాక్టరు ముందే చెప్పినారు. ఆయనతో మాట్లాడి మోతాదు మార్పించుకున్నా, కొంత తగ్గింది. నా కోపమంతా మాత్రదే అనుకునేవాళ్లకు ఒక మనవి: సగం మాత్రది, సగం నాది. నాది తగ్గదు.

మందు చీటీ మీద రాసిందేంటి? వేళకు తిను, వేళకు నిద్రపో, ఒక్క పూట కూడా మాత్ర మానొద్దు. నాకు నెల జీతం ఉంది, సెలవుంది. కోసిగి, మంత్రాలయం పక్క నుంచి గుంటూరు మిరపకోతకు పోయే కూలికి ఏముంది? పట్టా కింద నిద్ర. మాత్రలిచ్చే ఆసుపత్రి సొంతూర్లో. అయిపోతే తెచ్చేదెవరు? మందు తటాలున ఆగితే ఫిట్స్ మళ్లీ వస్తాయి, ప్రాణం మీదికీ వస్తాయి. అప్పుడు అందరూ అనేది "మందు మానేసినాడు, నిర్లక్ష్యం" అని. వాన లేని నేల, పని లేని ఊరు, ఇవి ఎవరి నిర్లక్ష్యం?

ఇది తీరని జబ్బేం కాదు. సరైన మందు పడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఫినోబార్బిటాల్‌ను 1912 నుంచి వాడుతున్నారు. నూరేళ్లు దాటిన చవక మందు మా వాడ దాకా రావడానికి ఇంకెన్నేళ్లు?

ఆడపిల్లల కథ ఇంకా ఘోరం. 1976 సవరణతో హిందూ వివాహ చట్టం మూర్ఛను పిచ్చి పక్కన కూర్చోబెట్టి, పెళ్లికి అనర్హత చేసింది. 1999లో ఆ మాట తీసేసినారు. చట్టంలో నుంచి పోయింది, పెళ్లిచూపుల్లో నుంచి పోలేదు. అందుకే పిల్లలు మాత్రలు దాచుకొని మింగుతారు, పెళ్లి కుదరగానే ఆపేస్తారు. చెల్లెళ్లారా, ఆపొద్దు. గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు. దాన్ని మార్చాల్సింది డాక్టరు, అత్తగారు కాదు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఒక మాట. మన జనం దీన్ని కాకిసొమ్మ అన్నారు. సంస్కృతం అపస్మారం అంది. నటరాజు కాలి కింద నలుగుతున్న మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. జబ్బు పేరు పెట్టి ఒకణ్ని తొక్కి, పైన చేసేది నాట్యమన్నారు. అందరూ పైనున్న పాదం చూసి చేతులు జోడిస్తారు. మనం కింద ఉన్నోడి వైపు నుంచి చూడాలి.

విద్యార్థి సంఘాల మిత్రులారా, అడగాల్సినవి మూడు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూర్ఛ మాత్రలు ఒక్క నెల కూడా తప్పకుండా ఉండాలి. వలస పోయే కూలికి మూడు నెలల మందు ముందే చేతికివ్వాలి, అదే చీటీ చూపిస్తే గుంటూరులోనూ ఇవ్వాలి. ప్రతి హాస్టల్లో వార్డెన్‌కు, పిల్లలకు ఫిట్స్ వస్తే ఏం చేయాలో నేర్పాలి.

చెప్పు కాళ్లకు వేసుకుందాం. ముక్కు దగ్గరికి తెస్తే, మాత్ర ఏదని అడుగుదాం.