దెయ్యాలకు మార్కులు వేద్దాం, రండి!

దెయ్యం సినిమా అంటే మీకు భయమా, సరదానా? నిజం చెప్పండి! నాకైతే రెండూను. 1992లో రేవతి నటించిన 'రాత్రి' చూసొచ్చాక నెల రోజుల పాటు చీకటిపడితే పెరట్లోకి ఒంటరిగా వెళ్తే ఒట్టు. అలాంటి నన్ను పట్టుకుని, సెలవులకి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి, "రోజుకో సినిమా చూద్దామమ్మా, నువ్వు మార్కులు వెయ్యి" అంది. సరేనని ఏడున్నరకల్లా భోజనాలు కానిచ్చి, వంటిల్లు సర్దేసి టీవీ ముందు చేరాం. మూడు రాత్రులు దెయ్యాలు, నాలుగో రాత్రి పాటల కచేరీ. ఆ మార్కుల పట్టీ ఇదిగో.

మొదటి రాత్రి 'మసూద' (2022). భర్త నుంచి విడిగా వచ్చేసి, టీచరు ఉద్యోగం చేసుకుంటూ కూతుర్ని పెంచుకునే నీలంగా సంగీత నటించింది. ఉన్నట్టుండి ఆ పిల్ల తన పిల్లలా ఉండదు. దిక్కుతోచక పక్కింటి కుర్రాడి సాయం అడుగుతుంది. ఆ కుర్రాడు తిరువీర్. తనే భయస్థుడు, పాపం! నన్ను వణికించింది దెయ్యం కాదు సుమండీ. బిడ్డకేమైందో తెలియక, ఎవరికి చెప్పుకోవాలో తోచక ఆ తల్లి పడే అవస్థ. చివర్లో రక్తం కాస్త ఎక్కువైంది. పదికి ఎనిమిది.

రెండో రాత్రి 'విరూపాక్ష' (2023). సాయిధరమ్ తేజ్, సంయుక్త జంట. 1979లో రుద్రవనం అనే ఊళ్ళో చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్ళు సజీవదహనం చేస్తారు. పన్నెండేళ్ళ తర్వాత వరుసగా చావులు మొదలవుతాయి. ఎవరి పని అన్నది చివరిదాకా పట్టుకోలేకపోయాం. ఆ గుట్టు నేను విప్పను, చూసి తెలుసుకోండి. కానీ ఒక్కమాట. సినిమాలో చేతబడి నిజమే అన్నట్టు చూపించారు. బయట ఇలాంటి అనుమానాలతోనే అమాయకులు దెబ్బలు తింటున్నారు కదా! అది నాకు మింగుడుపడలేదు. కథ నడిపిన తీరుకి పదికి ఏడు.

మూడో రాత్రి 'భ్రమయుగం' (2024). మలయాళం నుంచి తెలుగులోకి వచ్చిన మమ్ముట్టి సినిమా. సినిమా అంతా నలుపు తెలుపే! పాడుబడ్డ పెద్ద ఇల్లు, అందులో యజమాని, వంటవాడు, దారితప్పి వచ్చిన పాటగాడు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టి, ఆ తర్వాత గడప దాటనివ్వడు యజమాని. పాచికలాటకు కూర్చోబెడతాడు. ఒక మనిషి చేతిలో పెత్తనమంతా ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో, అదే ఇందులో అసలు దెయ్యం. మమ్ముట్టి నవ్వితే మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పదికి తొమ్మిది. అన్నట్టు, ఈ మూడింటికీ చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి.

ఇక నాలుగో రాత్రి, మా అమ్మాయి పట్టుబట్టి పెట్టింది 'ది ఎరాస్ టూర్'. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ 2023లో లాస్ ఏంజెలెస్ దగ్గర స్టేడియంలో ఇచ్చిన కచేరీని సినిమాగా తీశారు. ఆ ఏడాది మన దేశంలో హాళ్ళలో కూడా ఆడింది. రెండు ముప్పావు గంటలు! పాటపాటకీ మారే దీపాలు, దుస్తులు చూస్తూ కూర్చున్నాను కానీ మాటలు సగం అర్థం కాలేదు.

మధ్యలో 'మార్జరీ' అనే పాట వచ్చింది. అది ఆమె అమ్మమ్మ పేరట. ఆవిడా గాయనే, 2003లో పోయారు. ఆ అమ్మమ్మ పాత రికార్డుల్లోని గొంతును ఈ పాట వెనక వినిపించారని మా అమ్మాయి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

పోయిన ఏడాది మా అమ్మ కాలం చేసింది. పరీక్షల వల్ల ఆఖరిచూపుకి ఇది అందుకోలేదు. అప్పుడు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గట్టిపిల్ల అనుకుని ఊరుకున్నాను. "అమ్మమ్మ గొంతు మన దగ్గర లేదు కదమ్మా" అంటే నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే, ఉంది. నా ఫోన్లో అమ్మ పంపిన ఒక వాయిస్ మెసేజి ఉంది. వినాలంటే భయమేసి ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు. దెయ్యాలకు మార్కులు వేసే నేను, కన్నతల్లి గొంతుకి భయపడ్డాను చూడండి!

ఆ రాత్రి ఇద్దరం కలిసి విన్నాం. "ఏమే, ఆవకాయ మూడోనాడు తిరగకలిపావా? నూనె పైకి తేలాలి. పిల్లకో చిన్న సీసా తీసిపెట్టు." అంతే. నాలుగుసార్లు విన్నాం. నాలుగుసార్లూ ఏడ్చాం, మూడోసారి నవ్వాం కూడా. కచేరీకి మా అమ్మాయి పదికి పదకొండు వేసింది. భాష తెలియని నేను కూడా తొమ్మిది వేశాను.

మీ ఇంట్లో అమ్మో, అత్తగారో గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో చెబుతుంటే ఈసారి కాగితం మీద రాసుకుని ఊరుకోకండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. మధ్యలో వాళ్ళు దగ్గినా, మిమ్మల్ని రెండు తిట్టినా తుడిచెయ్యకండి.