విద్యార్థులు - రైలు ఛార్జీలు

ఉదయము తొమ్మిదిగంటలవేళ నారాయణగూడ చౌరస్తాలో కొంతసేపు నిలిచినవారికి, మన నగరమున విద్యాభ్యాసము ఎంతటి ప్రయాణముతో ముడివడియున్నదో తెలియగలదు. భుజములకు సంచులు తగిలించుకొని వందలకొలది బాలబాలికలు మెట్రో మెట్లు దిగుచుందురు, బస్సులనుండి దుముకుచుందురు, మరికొందరు ఇచ్చటనే యెక్కి విశ్వవిద్యాలయమునకో, ఊరి వెలుపలి కళాశాలలకో పోవుచుందురు. వీరి జీతములు, పుస్తకముల వెలలు గూర్చి తలిదండ్రులు లెక్కలు వేయుదురు. దారిఖర్చు మాత్రము రోజుకింత చొప్పున చేతినుండి జారిపోవుటచే ఎవరి లెక్కకును అందుటలేదు.

ఈ పేట విద్యాచరిత్రము తెలిసినవారికి ఈ విషయము స్వల్పమైనదిగా దోచదు. 1918వ సంవత్సరమున రెడ్డి హాస్టలును స్థాపించిన పెద్దలు, పల్లెనుండి వచ్చిన బాలునకు చదువు దొరకకపోవుటకంటె తల దాచుకొన చోటు దొరకకపోవుటయే పెద్ద యడ్డంకి యని గ్రహించిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికచే బాలికల పాఠశాల యేర్పడినది. 1940లో కేశవ స్మారక విద్యాసంస్థ వెలసినది. బడియొక్కటి కట్టిన చాలదనియు, బడికి వచ్చుటకు త్రోవ గూడ కల్పింపవలెననియు ఆ తరమువా రెరుగుదురు. ఆనాటి యడ్డంకి బస. ఈనాటి యడ్డంకి ప్రయాణము. నగరము నలుదెసల పెరిగి, అద్దెలు భరింపలేని కుటుంబములు ఉందానగరు, మేడ్చలు, ఘట్‌కేసరుల వైపు జరిగిపోగా, విద్యార్థి దినదినము ఇరువది ముప్పది కిలోమీటర్లు తిరుగవలసినవాడగుచున్నాడు.

లెక్క చూతము. 2020 ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభమైన మెట్రోమార్గమున చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషనులు వెలసినవి. 2025 మే నెలలో మెట్రో ఛార్జీలు పెంచి, వారము తిరుగకముందే కొంత తగ్గించిరి. అట్లు తగ్గించిన పిమ్మట సయితము కనిష్ఠము 11 రూపాయలు, గరిష్ఠము 69 రూపాయలు. నెలకు ఇరువదియైదు దినములు రాకపోకలు సాగించు విద్యార్థికి కనిష్ఠముచొప్పున 550 రూపాయలు, గరిష్ఠముచొప్పున 3450 రూపాయలు తేలును. 2003 ఆగస్టునుండి నడచుచున్న ఎం.ఎం.టి.ఎస్. రైళ్ల కనిష్ఠ ఛార్జి యైదు రూపాయలు. ఇది విడిటిక్కెట్టు మాట. సీజను టిక్కెట్టు కొన్నవానికి నెలంతయు సుమారు పదునైదు ఒంటిప్రయాణముల వెలకే సాగిపోవును. మూడునెలల టిక్కెట్టు నెలవెలకు 2.7 రెట్లు మాత్రమే. ఈ పదునైదు ప్రయాణముల లెక్కను 2014 జూన్‌లో ముప్పదికి పెంపనెంచి, ప్రజలు గగ్గోలు చేయగా కొలది దినములలోనే విరమించుకొనిరి. 2025 జూలైలో దూరప్రయాణపు ఛార్జీలు పెంచినపుడును సీజను టిక్కెట్టు జోలికి పోలేదు. అడిగినవారికి ఫలితము కలుగుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక విద్యార్థులకు రైల్వే నియమములలో ప్రత్యేకించి యున్న సదుపాయములు మరియు ఘనమైనవి. ఇంటికిని చదువుకొను చోటికిని నడుమ రెండవతరగతి నెలటిక్కెట్టు బాలికలకు పట్టభద్రులగువరకును, బాలురకు పండ్రెండవ తరగతివరకును ఉచితము. ఆపైన చదువువారికి వయఃపరిమితికి లోబడి సగము వెల. షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థులకు నాల్గవవంతు వెల. సెలవులలో స్వగ్రామమునకు పోవునపుడు స్లీపరుతరగతివరకు సగము రాయితీ గలదు. ఇన్ని యుండియు వీనిని వాడుకొనువారెందరు? మాకు తెలిసిన విద్యార్థులను కొందరిని ప్రశ్నించి చూచితిమి. ఇంజనీరింగు చదువుచున్న యొక బాలిక తనకు నెలటిక్కెట్టు ఉచితమన్నమాటయే వినియుండలేదు; రెండేండ్లనుండి దినదినము టిక్కెట్టు కొనుచున్నది. మరియొక బాలుడు సగము వెల సంగతి యెరిగియు, ధ్రువపత్రముకొరకు కళాశాల కార్యాలయమునకు మూడుమారులు తిరిగి, నాల్గవమారు విసిగి మానుకొన్నాడట.

ఇచ్చటనే మా యభియోగమున్నది. రైల్వేవారు హక్కు నిచ్చిరి. ఆ హక్కునకు తాళపుచెవి కళాశాలాధిపతి సంతకము. ఆ సంతకము గుమాస్తా బల్లమీద నిద్రించుచున్నది. ప్రవేశమునాడు జీతపు రసీదుతోపాటు రాయితీపత్రము గూడ ప్రతి విద్యార్థి చేతికీయుట ఏ కళాశాలకైన నెంత భారము? సొంత బస్సులు నడపి వేలకు వేలు రుసుము గైకొను కళాశాలలకు ఈ యుత్సాహము లేకుండుట యెందువలననో పాఠకులే యూహింతురుగాక.

రైల్వేవారి తప్పు లేదనుట గాదు. 1917లో గాంధీమహాత్ముడు మూడవతరగతి ప్రయాణికుల యిక్కట్లను గూర్చి వ్రాసెను. 1974లో ఆ తరగతియే రద్దయ్యెను. పేరు పోయినదిగాని, వేళకు రాని రైలునకై ప్లాట్‌ఫారముపై నిరీక్షించువా డట్లేయున్నాడు. 2023 ఏప్రిల్‌లో ఉందానగరు, మేడ్చలు మార్గములును, 2024 మార్చిలో ఘట్‌కేసరునుండి లింగంపల్లికి రైలును ప్రారంభించిరి. మార్గములు పెరిగినవి, రైళ్లు తగినన్ని పెరుగలేదు. పదిగంటల తరగతికి పోవువానికి తొమ్మిదింటి రైలు తప్పినచో తరువాతి రైలు ప్రయోజనమేమి? చవుకయైన టిక్కెట్టు వేళకు నడువని రైలుదైనచో, విద్యార్థి ఖరీదైన మెట్రోనే యెక్కును. అట్లెక్కుట దుబారా యని వానిని నిందించుట న్యాయముగాదు.

అశోక్‌నగరు విషయము వేరు. జిల్లాలనుండి వచ్చి, ఇరుకుగదులలో నలుగురైదుగురు కలిసి యుండి, చిక్కడపల్లి కేంద్రగ్రంథాలయమున ప్రొద్దుగుంకువరకు చదువుకొను ఉద్యోగార్థులు వేలకొలది గలరు. వీరు నిజముగా విద్యార్థులే. రైల్వేవారి దృష్టిలో మాత్రము గారు. శిక్షణాలయపు రసీదు గుర్తింపుపొందిన విద్యాసంస్థ ధ్రువపత్రమునకు సాటిరాదు. ఉద్యోగపు ఇంటర్వ్యూలకు పోవు నిరుద్యోగులకు పూర్వము గల రాయితీ 2020 మార్చిలో, మహమ్మారి కారణమున నిలిచిపోయినది. నాడు విద్యార్థులకు, రోగులకు, వికలాంగులకు గల రాయితీలను నిలిపియుంచిన ప్రభుత్వము, జీతమే లేని యీ యువకుని మరచుట విచారకరము. పండుగకు మహబూబ్‌నగరు పోయి వచ్చుటకు సయితము వెనుదీయు వారిని మే మెరుగుదుము.

బాలికలకు 2023 డిసెంబరు 9నుండి రాష్ట్రపు బస్సులలో ఉచితప్రయాణము లభించినది. ఇది మెచ్చదగినది, దీనినిజూచి బాలురు అసూయపడ నక్కరలేదు. అయినను అదే బస్సులో అన్నకు పాసు, ఆ పాసువెల 2025లో పెరుగుట, ఇంటి యిల్లాలి లెక్కలో రెండును ఒకే పుటమీదనే యుండునని యధికారులు మరువరాదు.

మెట్రోవారి సంగతి కొంచెము విస్తరించి చెప్పవలెను. 2023 జూలైలో వారు విద్యార్థి పాసు నొకదానిని వెలువరించిరి. ఇరువది ప్రయాణముల రుసుము చెల్లించినవారికి ముప్పది దినములలో ముప్పది ప్రయాణములు. మంచిదే. కాని దానికి మొదటనే గడువు విధించి, 2024 మార్చివరకే యనిరి, పిమ్మట పొడిగించిరి. పండుగకు బట్టలకొట్టువారు ప్రకటించు తగ్గింపువలె విద్యార్థి రాయితీ వచ్చుచు పోవుచుండుట మాకు సమ్మతము గాదు. నాలుగేండ్ల చదువునకు లెక్కవేసికొను తండ్రి, నాలుగునెలల గడువును నమ్మి ఇల్లు మారునా? 2025 సెప్టెంబరులో మెట్రోను నిర్మాణసంస్థనుండి తానే స్వీకరించుటకు రాష్ట్రప్రభుత్వము అంగీకరించినది. కావున ఇకమీదట ఇది వ్యాపారస్థుల దయకు సంబంధించిన ప్రశ్న గాదు. రైల్వేలో నున్నట్లే మెట్రోలోను విద్యార్థి సగమువెల నియమముగా వ్రాయబడవలెను.

టిక్కెట్టు లేకయే యెక్కి దానిని పొదుపనుకొను యువకు లొకకొందరున్నారు. పట్టుబడినచో ఛార్జిపై కనీసము 250 రూపాయల జరిమానా. నెలకు ఇరువదియైదు దినముల ఎం.ఎం.టి.ఎస్. కనిష్ఠ ఛార్జి రాకపోకలకు విడిటిక్కెట్టుచొప్పునను 250 రూపాయలే.

నారాయణగూడవారికి మరియొక చిక్కు. మెట్రో నెత్తిమీదనే యున్నది. చవుకైన రైలు మాత్రము కాచిగూడలోనో విద్యానగరులోనో దిగవిడుచును. 1916లో కట్టిన కాచిగూడ స్టేషనునుండి బర్కత్‌పుర మీదుగా కాలినడకను రావచ్చును. విశ్వవిద్యాలయమునకు పోవువారికి ఆ మార్గముననే జామై ఉస్మానియా, ఆర్ట్స్‌కాలేజి స్టేషనులున్నవి. ఎండకాలమున, వానకాలమున ఆ నడక కష్టమై ఆటో యెక్కినచో రైలులో మిగిలినది ఆటోలో పోవును. ఉందానగరు రైళ్ల వేళల ననుసరించి ఉదయము ఎనిమిదికిని పదికిని నడుమ కాచిగూడ స్టేషను వాకిటినుండి నారాయణగూడ, చిక్కడపల్లులకు చిన్న బస్సులు రెండు నడిపినచో, విద్యార్థిపాసు దానియందును చెల్లునట్లు చేసినచో, ఈ లోటు చాలవరకు తీరును. కళాశాలలు తెరచు జూన్ నెలకు ముందే రవాణాసంస్థవారును రైల్వేవారును కూర్చుండి ఆ వేళలను నిర్ణయించి, పట్టికను కేంద్రగ్రంథాలయపు గోడపై నంటింతురుగాక యని కోరుచున్నాము.