ఆపరేషన్ తర్వాతే అసలు పని

మా వీధి చివర ఉండే అమ్మాయి పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆమె కొడుక్కి మూడేళ్లు. పుట్టు చెవుడు. విశాఖలో ఆపరేషన్ చేయించి, చెవి వెనక మిషన్ పెట్టించింది. మొన్న కాశీబుగ్గ బజార్లో కనబడి, "రెండు నెలలైపోనాది అక్కా, ఆడింకా 'అమ్మా' అనడం నేదు. మిషన్ పని సేయట్లేదేటో!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మిషన్ బాగానే ఉందని డాక్టర్లు చెప్పారట. మరి లోపం ఎక్కడ? లోపం కాదు, తొందర. కళ్లజోడు పెట్టుకోగానే కనబడుతుంది. కాక్లియర్ ఇంప్లాంట్ అలాంటిది కాదు. అది శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి వినికిడి నరానికి అందిస్తుంది. వాటి అర్థం మెదడు నేర్చుకోవాలి. మన పిల్లలు ఏడాదిపాటు విన్నాకే కదా తొలి మాట అంటారు! ఈ బాబు వినడం మొదలుపెట్టి రెండు నెలలే.

ఆపరేషన్ దాకా ఆగడంలో మాత్రం తొందరే మంచిది. శబ్దం అందకపోతే మెదడులో వినికిడికి కేటాయించిన చోటు ఖాళీగా ఉండదు. సాగు చెయ్యని మడిని పక్కవాడు దున్నుకున్నట్టు, చూపు వంటివి దాన్ని ఆక్రమిస్తాయి. అమెరికాలో అనూ శర్మ బృందం 104 మంది పిల్లల్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించింది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల మెదడు శబ్దానికి వయసుకు తగ్గట్టు స్పందించింది. ఏడేళ్లు దాటాక పెట్టినవాళ్లలో చాలామందికి అలా జరగలేదు.

మనమేమో "వాళ్ల మేనమామకీ ఆలస్యంగానే వచ్చాయి మాటలు" అని కూర్చుంటాం. మేనరికాలున్న ఇళ్లలో పుట్టు చెవుడు ఎక్కువని తెలిసినా కోడలినే ఆడిపోసుకుంటాం. ఆ నిందలు మాని, చప్పుడుకు తల తిప్పని పసిబిడ్డను వెంటనే డాక్టరుకు చూపించండి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక లక్షల ఖర్చయ్యే ఈ ఆపరేషన్ పేదింటికీ అందింది. కానీ మాటలు నేర్పే శిక్షణ కోసం పదేపదే విశాఖ వెళ్లాలంటే రైలు ఛార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోతాయి. ఉద్దానం తల్లులకు ఆ శిక్షణ పలాస, టెక్కలిలోనే అందాలి. ఆపరేషన్ కుదరని పిల్లలకు సైగల భాషైనా చిన్నప్పుడే నేర్పాలి. మెదడు ఎదగడానికి ఏదో ఒక భాష కావాలి.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే. "మిషన్ తియ్యకు. బియ్యం కడుగుతూ, కొబ్బరికాయ కొడుతూ వాడితో మాట్లాడుతూనే ఉండు."

"ఆడు పలక్కపోయినా?"

"పలక్కపోయినా. ఇప్పుడు వాడు వింటున్నాడు కదమ్మా!"